నొప్పి తగ్గింది కదా, పిత్తాశయం ఆపరేషన్ పత్తి ఏరినంక చేయించుకోవచ్చా?

అడిగిన ప్రశ్న: మాది పరకాల దగ్గరి ఊరు. అమ్మకు 54 ఏండ్లు, ఎనిమిదేండ్ల నుంచి షుగర్. సోమవారం పెండ్లిలో భోంచేసి వచ్చినంక రాత్రి కుడి డొక్కలో నొప్పి మొదలైంది. ఊర్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేసిండు. బుధవారం జ్వరం వస్తే హన్మకొండ తీసుకొచ్చి చేర్పించినం. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు ఉన్నయి, గోడ 6 మిల్లీమీటర్ల మందం ఉంది, చుట్టూ నీరు ఉంది అన్నరు. తెల్లకణాలు 16,000. కామెర్లు లేవు. సెలైన్, యాంటీబయాటిక్‌తో ఈ రోజు శుక్రవారానికి నొప్పి బాగా తగ్గింది. సర్జన్ రేపే ఆపరేషన్ చేద్దాం అంటున్నరు. మా మేనమామేమో తగ్గింది కదా, పత్తి ఏరుడు అయినంక చూద్దాం అంటున్నడు. తెలిసిన ఇంకో డాక్టర్ కూడా ఆరు వారాలు ఆగమన్నరు. మందులతో రాళ్లు కరగవా? రాళ్ల వరకే తీయరాదా? తిత్తి మొత్తం తీసేస్తే తిన్నది అరుగుతదా?

సమాధానం:

తమ్ముడూ, ముందు నా అభిప్రాయం చెప్తాను, కారణాలు తర్వాత. గుండె పరీక్షలు బాగుండి, మత్తు డాక్టరు సరేనంటే ఆపరేషన్ ఇప్పుడే, ఇంటికి పోకముందే చేయించండి. పత్తి కోసం ఆగకండి. నేను వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా జనరల్ సర్జన్‌గా పనిచేశాను, కత్తి పక్కన పెట్టి మూడేళ్లయింది. అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి, ఆమె పొట్ట మీద చేయి పెట్టి చూసిన మీ సర్జన్ మాటకే ఎక్కువ విలువ. కానీ మీరు రాసిన వివరాలను బట్టి ఆయన చెప్పింది సరైన మాటే.

మీ మేనమామను నేను తప్పు పట్టను. నొప్పి పోతే జబ్బు పోయిందనే ఎవరైనా అనుకుంటారు. ఈ జబ్బు మోసం చేసేది అక్కడే.

ఇంట్లో కోడిని కోసే వాళ్లకు పిత్తాశయం కొత్త కాదు. కార్జానికి అంటుకొని ముదురు ఆకుపచ్చ రంగులో చిన్న తిత్తి ఉంటుంది, చేదుకట్టు అంటారు. అది చిట్లకుండా జాగ్రత్తగా కోసి పారేస్తారు, చిట్లితే కూర నోట పెట్టలేం. మనిషికీ అంతే, కుడి పక్కటెముకల కింద, కార్జం అడుగున, చిన్న జామకాయ ఆకారంలో వేలాడుతుంది. కార్జం రోజుకు సుమారు 600 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా పసరు, అంటే పిత్తరసం, తయారు చేస్తుంది. తిత్తిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే, హోటల్ చాయ్ గ్లాసులో సగం. అంటే తిత్తి పసరును తయారు చేయదు. వచ్చిన పసరులోని నీటిని పీల్చి చిక్కబరిచి దాచిపెడుతుంది. మనం నూనె, కొవ్వు తిన్నప్పుడు చిన్నపేగు నుంచి ఒక హార్మోన్ వచ్చి పిండమంటే పిండుతుంది. అంతవరకే దాని పని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మీ చివరి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

చిక్కబడిన పసరులో కొలెస్ట్రాల్ ఎక్కువై, తిత్తి సరిగా పిండకపోతే గసగసాల్లాంటి రవ్వలు మొదలై రాళ్లవుతాయి. ఆడవాళ్లలో, ఎక్కువ కాన్పులైన వాళ్లలో, ఒళ్లు బరువున్న వాళ్లలో, షుగర్ ఉన్న వాళ్లలో ఎక్కువ చూస్తాం. బరువు ఒక్కసారిగా తగ్గినా వస్తాయి, నెలలో పది కిలోలు తగ్గిస్తామనే వాళ్ల దగ్గరికి పోయి రాళ్లతో తిరిగొచ్చిన వాళ్లున్నారు. ములుగు, ఆదిలాబాద్ వైపు కోయ, గోండు పిల్లలకు పదిహేనేళ్లకే నల్లటి రాళ్లు కనబడితే మేం మొదట అడిగేది సికిల్ సెల్ పరీక్ష, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు అది. అక్కడ కారణం తిండి కాదు. ఎర్రకణాలు ఊరికే పగిలిపోతుంటే వాటి రంగు పదార్థం పసరులో చేరి గడ్డకడుతుంది.

రాయి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రాళ్లున్న వాళ్లలో ఎక్కువ మందికి జన్మంతా ఏ బాధా రాదు. వేరే దేనికో స్కానింగ్ తీస్తే రాయి బయటపడి, నొప్పేమీ లేని మనిషిని ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి నేను ఎప్పుడూ తొందరపడలేదు. మీ అమ్మగారిది ఆ కోవ కాదు.

పెళ్లి భోజనం తర్వాత జరిగింది ఇదీ. బగారన్నం, మటన్ పడగానే తిత్తి గట్టిగా పిండింది. ఒక రాయి జారి తిత్తి మెడలో, సన్నటి గొట్టం మొదట్లో ఇరుక్కుంది. ఇరుక్కున్న రాయి గంటా రెండు గంటల్లో వెనక్కి జారితే నొప్పి పోతుంది, మనిషి పొద్దున లేచి పనికి పోతుంది. అది వట్టి రాయి నొప్పి, వాపు కాదు. ఆరు గంటలు దాటినా వదలకపోతే లెక్క మారుతుంది. లోపల పసరు నిలవుండి ఒత్తిడి పెరుగుతుంది, గోడ ఉబ్బుతుంది, ఉబ్బిన గోడకు నెత్తురు అందడం తగ్గుతుంది. ఆ తర్వాత పేగుల్లోని సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి, చీము పట్టొచ్చు. వరస చూడండి, ముందు అడ్డం, ఆ తర్వాత వాపు, చివర క్రిములు. యాంటీబయాటిక్ పనిచేసేది ఆ చివరి దాని మీదే. మెడలో రాయిని అది కదిలించలేదు.

మరి నొప్పి ఎందుకు తగ్గింది? ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి నోటికి ఏమీ పెట్టి ఉండరు, కాబట్టి తిత్తికి పిండే పని లేదు. నొప్పి సూది పడింది. రాయి కాస్త వెనక్కి జారి ఉండొచ్చు కూడా. ఇంటికి పోయాక మళ్లీ ఒక పప్పుచారు, ఒక గుడ్డు చాలు. ఇంకొక సంగతి, భయపెట్టడానికి కాదు గానీ చెప్పాలి. షుగర్ ఎక్కువ కాలం ఉన్న వాళ్లలో నరాలు మొద్దుబారి లోపల తిత్తి నల్లబడుతున్నా నొప్పి అంతగా తెలియదు. షుగర్ పేషెంట్ "ఇప్పుడు నయమే సార్" అంటే నేను సంతోషపడే ముందు జ్వరం చార్టు, నాడి, తెల్లకణాలు మళ్లీ చూసేవాణ్ని. మీరూ ఈ రోజు రక్తపరీక్ష మళ్లీ చేశారేమో అడగండి.

గ్యాస్ అన్న ఆర్‌ఎంపీ మీద కోపం వద్దు, మా దగ్గరికి వచ్చిన వాళ్లలో సగం మంది ముందు ఈనో తాగి, గ్యాస్ గోలీ మింగి, సోడా తాగి వచ్చిన వాళ్లే. కానీ తేడా తెలుసుకుంటే మీ ఊర్లో ఇంకొకరికి పనికొస్తుంది. గ్యాస్ నొప్పి పొట్టలో తిరుగుతుంది, తేన్పు వస్తే, గాలి పోతే తగ్గుతుంది. పిత్తాశయం నొప్పి రొమ్ము ఎముక కింద గానీ కుడి డొక్కలో గానీ పట్టుకొని, వీపులో కుడి రెక్క కిందికి, ఒక్కోసారి కుడి భుజంలోకి పోతుంది. ఎక్కువగా రాత్రి పూట, తిన్న గంటా రెండు గంటలకు వస్తుంది. వాంతి అయినా సుఖం ఉండదు. వాపు వచ్చాక మనిషి కదలకుండా పడుకుంటుంది, ఊపిరి నిండా పీల్చుకోలేదు. కుడి పక్కటెముకల కింద వేళ్లు పెట్టి ఊపిరి పీల్చమంటే సగంలో ఆగిపోతుంది. షికాగో సర్జన్ జాన్ మర్ఫీ 1903లో చెప్పిన గుర్తు అది. నూట ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ పైసా ఖర్చు లేని మంచి పరీక్ష. యాభై దాటిన, షుగర్ ఉన్న మనిషికి పై కడుపులో నొప్పి వస్తే మాత్రం గ్యాసూ కాదు, తిత్తీ కాదు, మొట్టమొదట ఈసీజీ. గుండెపోటు కడుపునొప్పి వేషం వేసుకొని వచ్చిన కేసులు నేను మరిచిపోలేను.

స్కానింగ్‌లో గోడ మందం మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. మీ అమ్మగారిది 6, చుట్టూ నీరు ఉంది, జ్వరం ఉంది, తెల్లకణాలు పెరిగాయి, రాళ్లున్నాయి. అన్నీ ఒకే మాట చెప్తున్నాయి కాబట్టి అనుమానం లేదు. అయితే ఒక్క స్కానింగ్ కాగితం పట్టుకొని ఆపరేషన్‌కు పరుగెత్తకూడని సందర్భం ఒకటుంది. వానకాలంలో మన దగ్గర డెంగీ వచ్చినప్పుడు పిత్తాశయం గోడ బాగా ఉబ్బినట్టు, చుట్టూ నీరున్నట్టు రిపోర్టు వస్తుంది. ఒకసారి జనగామ వైపు నుంచి ఒక కుర్రాణ్ని ఆ రిపోర్టుతో తీసుకొచ్చి, తిత్తి పగిలిపోతుందట, ఈ రాత్రికే తీసేయమని పట్టుపట్టారు. ప్లేట్‌లెట్లు నలభై వేలు. రాయి లేదు. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారి గోడ ఉబ్బుతుంది, జ్వరం తగ్గాక అదే సర్దుకుంటుంది, అప్పుడు కోస్తే రక్తస్రావంతో ప్రాణం మీదికి వస్తుంది. వారం తర్వాత స్కానింగ్ తీస్తే గోడ మామూలుగా ఉంది. రాయి లేకుండా నిజంగా వాపు రావడం కూడా ఉంది, ఐసీయూలో రోజుల తరబడి ఉన్న వాళ్లకు, పెద్ద కాలిన గాయాలున్న వాళ్లకు, నోటితో తిండి లేని వాళ్లకు. అది ఇంకా ప్రమాదకరం, మీకు సంబంధం లేదు కాబట్టి వదిలేస్తున్నా.

ఇక అసలు తగాదా, ఇప్పుడా, ఆరు వారాలకా.

ఆరు వారాలన్న డాక్టరు గాలికి చెప్పలేదు. మేం చదువుకున్నప్పుడు మాకూ అదే నేర్పారు. వాపు చల్లారనివ్వు, తర్వాత కొయ్యి, అని. కెమెరాతో చేసే ఆపరేషన్ మన దేశానికి 1990లో వచ్చింది, ముంబైలో టెహెమ్టన్ ఉద్వాడియా గారు మొదలుపెట్టారు. ఆ తొలి రోజుల్లో వాచిన తిత్తి జోలికి కెమెరాతో పోవద్దనే అనేవాళ్లు, చేతులు కుదరలేదు, పనిముట్లూ అంతంతే. అప్పటి జాగ్రత్త ఇప్పటికీ కొందరి నోట సూత్రంలా మిగిలింది.

నేనూ ఆ సూత్రం పాటించిన వాణ్నే. తొంభైల చివర నర్సంపేట వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, నలభై అయిదేళ్లుంటాయి, మీ అమ్మగారి లాంటి కేసే. అయిదు రోజుల్లో మందులతో కుదుటపడ్డాడు. ఆరు వారాల తర్వాత తేదీ రాసిచ్చి నేనే పంపించాను. ఇరవయ్యో రోజు కళ్లు పచ్చగా, కడుపు బిగుసుకొని వచ్చాడు. రాయి తిత్తిలోంచి జారి, కార్జం నుంచి పేగుకు పసరు పోయే పెద్ద గొట్టంలో పడి, క్లోమానికి వాపు తెచ్చింది. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు, కానీ ఆ ఏడు పంట పోయింది, ఎద్దులమ్ముకున్నాడు. నేను రాసిచ్చిన తేదీకి అతను మంచం మీదే ఉన్నాడు. ఆ తర్వాత నా పద్ధతి మార్చుకోవడానికి నాకు పరిశోధనలు అవసరం పడలేదు గానీ, పరిశోధనలూ అదే చెప్పాయి. జర్మనీ డాక్టర్లు నడిపించి 2013లో అచ్చు వేసిన అధ్యయనంలో 600 మందికి పైగా రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు చేరిన 24 గంటల్లో ఆపరేషన్, ఇంకో జట్టుకు ముందు యాంటీబయాటిక్, వారం దాటాక ఆపరేషన్. తొందరగా చేసిన వాళ్లలో చిక్కులు వచ్చింది నూటికి సుమారు 12 మందికి, ఆగిన వాళ్లలో 34 మందికి.

ఎందుకిలా అంటే, పెసలు నానబెట్టి పొట్టు తీయడం చూశారు కదా. నానినప్పుడు చేత్తో రుద్దితే పొట్టు జారిపోతుంది. అదే ఆరిపోయాక గోకినా రాదు. వాపు మొదలైన మొదటి రోజుల్లో తిత్తి గోడ నీరు పట్టి ఉబ్బి ఉంటుంది, కార్జం నుంచి విడదీయడానికి దారి దానంతటదే కనిపిస్తుంది. పది రోజులు దాటేసరికి అది పక్కనున్న పేగుతో, కొవ్వుతో జిగురులా అంటుకుంటుంది, ముట్టుకుంటే నెత్తురు. ఆరు వారాలకు నెత్తురు తగ్గుతుంది నిజమే, కానీ చాలామందిలో మచ్చ కట్టి అన్నీ ఒకే ముద్దలా గట్టిపడతాయి, ఏది గొట్టమో ఏది రక్తనాళమో తేల్చుకోవడమే పనైపోతుంది. ఒకప్పుడు నొప్పి మొదలైన 72 గంటల్లోపే చెయ్యాలి అనేవాళ్లు. ఇప్పుడు అనుభవం ఉన్న చేతుల్లో వారం, పది రోజుల దాకా ఫర్వాలేదంటున్నారు. సోమవారం రాత్రి నుంచి లెక్కపెడితే రేపటికి మీకు ఐదో రోజు. కాలం ఉంది, కానీ వృథా చేసేంత లేదు.

ఆగాల్సిన వాళ్లూ ఉన్నారు. ఈ మధ్యే గుండెకు స్టెంట్ వేయించుకున్న వాళ్లు, ఊపిరితిత్తులు బాగాలేని వాళ్లు, వచ్చేటప్పటికే పదిహేను రోజులు దాటిన వాళ్లు. జబ్బు ముదిరి బీపీ పడిపోయి, మూత్రం తగ్గి, మనిషి మత్తుగా ఉంటే కొన్నిసార్లు ముందు స్కానింగ్ చూస్తూ పక్కటెముకల మధ్యలోంచి సన్నని గొట్టం వేసి చీము బయటికి తీస్తాం, తేరుకున్నాక ఆపరేషన్. మీ అమ్మగారు వీటిలో ఏ కోవలోనూ లేరు. టోక్యో మార్గదర్శకాలని 2007లో మొదలై 2018లో సవరించినవి ఉన్నాయి, ఈ జబ్బును తీవ్రతను బట్టి మూడు మెట్లుగా చూస్తాయి. మూడు రోజులు దాటిన లెక్కన మీది రెండో మెట్టు. రెండో మెట్టుకు అవి చెప్పేదేమంటే ఆపరేషన్ చేయొచ్చు, కానీ ఇలాంటివి బాగా అలవాటున్న సర్జన్ చేయాలి. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు" కన్నా "ఎవరు". వాచిన తిత్తులు ఎన్ని చేస్తుంటారు సార్ అని మర్యాదగా అడగండి. మంచి సర్జన్‌కు ఆ ప్రశ్నకు కోపం రాదు.

మందులతో కరగవా అన్నారు. ఒక గోలీ ఉంది, అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం. సున్నం పట్టని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లయి, తిత్తి బాగా పనిచేస్తుంటే, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా మింగితే కొందరికి కరుగుతాయి. ఆపేశాక అయిదేళ్లలో సగం మందికి మళ్లీ వస్తాయి. వాచి, మూసుకుపోయిన తిత్తిలోకి ఆ మందు పోయే దారే లేదు. కొండపిండి ఆకు, అరటి దూట రసం, బీరు ఇవన్నీ జనం కిడ్నీ రాయికి చెప్పుకొనేవి. వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, కిడ్నీ రాయికి కనీసం మూత్రంలో బయటికి పోయే దారి ఉంది. తిత్తిలో రాయి "పడిపోతే" ఎక్కడికి పోతుంది? పెద్ద గొట్టంలోకి. అప్పుడే కామెర్లు, చలిజ్వరం, క్లోమం వాపు. నర్సంపేట రైతుకు పడింది అట్లాగే. ఇక ఆలివ్ నూనె, నిమ్మరసం తాగి పొద్దున దొడ్డికి పోతే ఆకుపచ్చ రాళ్లు పడ్డాయని వీడియోలు చూపిస్తారు. అవి రాళ్లు కావు, ఆ నూనే కడుపులో సబ్బుగా మారి ఉండలు కట్టింది. నా దగ్గరికి డబ్బాలో పెట్టి తెచ్చి చూపించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఎండలో పెడితే కరిగిపోయాయి.

రాళ్ల వరకే తీయడం నూట యాభై ఏళ్ల కిందే చేసి చూశారు. రాయిని కన్న తిత్తి మళ్లీ కంటుంది. అందుకే 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తిత్తినే తీసేశాడు, అప్పటి నుంచి అదే దారి.

ఇప్పుడు చేసే తీరు చెప్తాను, సంతకం పెట్టే ముందు తెలియాలి కదా. పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర ఒకటి, పైన మూడు, మొత్తం నాలుగు చిన్న రంధ్రాలు. పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి కెమెరాతో చూస్తూ తిత్తికి పోయే గొట్టాన్ని, రక్తనాళాన్ని విడదీసి, క్లిప్పులు వేసి కత్తిరిస్తారు. ఈ ఆపరేషన్‌లో సర్జన్ భయపడేది ఒకే దానికి, కార్జం నుంచి పేగుకు పోయే పెద్ద పసరు గొట్టం పొరపాటున తెగడం. వెయ్యిలో మూడు నుంచి అయిదు మందికి జరుగుతుందని లెక్క, వాచినప్పుడు ఆ భయం ఎక్కువ. దాన్ని తప్పించడానికే తిత్తిలోకి రెండే రెండు పోగులు పోతున్నాయని కళ్లారా చూశాకే కత్తెర పెట్టాలనే నియమం ఉంది. ఆ చూపు దొరకకపోతే తిత్తిలో కొంత భాగం వదిలి మిగతాది తీసేయొచ్చు, లేదా పొట్ట తెరిచి చేయొచ్చు. "కెమెరాతో అన్నారు, కోసి చేశారు" అని బయట బంధువులు గొడవ చేయడం ఎన్నోసార్లు చూశాను. నా దృష్టిలో అది ఓటమి కాదు, లోపల కనబడనిదాన్ని కత్తిరించని సర్జన్ చేతిలో పడ్డామని అర్థం. మీ మేనమామకు ఈ సంగతి ఈ రాత్రికే చెప్పి ఉంచండి.

కామెర్లు లేవన్నారు. పెద్ద గొట్టం వెడల్పు రిపోర్టులో ఎంత రాశారో చూడండి. 6 మిల్లీమీటర్ల లోపు ఉండి, బిలిరుబిన్, కార్జం పరీక్షలు బాగుంటే అందులో రాయి ఉండే అవకాశం తక్కువ. అనుమానముంటే ఎంఆర్‌సీపీ, అంటే పసరు గొట్టాలను చూపించే ఎంఆర్ఐ స్కానింగ్, తీస్తారు, రాయి ఉంటే నోటి నుంచి గొట్టం పంపి తీసే ఈఆర్‌సీపీ వేరే పని. మన పల్లెల్లో కళ్లు పచ్చబడగానే ఆకు పసరు పోయించుకోవడానికి ఏదో ఒక ఊరికి పోతారు. రాయి అడ్డం పడిన కామెర్లకు ఆకు పసరు తాగి పది రోజులు పోగొట్టుకుంటే గొట్టంలో చీము పట్టి ప్రాణం పోతుంది. ఇది మాత్రం మీ ఊర్లో నలుగురికి చెప్పండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ అడుగుతారని తెలుసు. మీరు చేరిన ఆసుపత్రి ఆరోగ్యశ్రీలో ఉంటే రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రను ఈ రోజే కలవండి, అనుమతికి కాగితాలు పోవాలి. లేదంటే ఎంజీఎం ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ ఆసుపత్రి అది. రద్దీ ఉంటుంది, ఓపిక కావాలి, కానీ వాచిన తిత్తులు అక్కడికి వచ్చినన్ని చాలా చోట్లకు రావు.

అమ్మగారు వాడే గోలీలన్నీ, ఖాళీ అట్టలతో సహా, మత్తు డాక్టరుకు చూపించండి. రక్తం పలచన చేసే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఉంటే తప్పక చెప్పాలి. షుగర్ గోలీల్లో మూత్రంలోంచి చక్కెరను పంపించే రకం ఉంటుంది, పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని రాసి ఉంటుంది. అది వాడుతూ ఉపవాసంతో ఆపరేషన్‌కు పోతే రక్తంలో ఆమ్లం పేరుకొనే ప్రమాదముంది, షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తూ మోసం చేస్తుంది. ఆపాల్సింది మూడు నాలుగు రోజుల ముందు. సోమవారం నుంచి ఆమె ఏ గోలీలూ మింగలేదంటే మంచిదే, మింగి ఉంటే ఆ విషయం దాచకండి. మిగతా షుగర్‌ను ఇన్సులిన్‌తో వాళ్లే చూసుకుంటారు.

తిత్తి తీసేస్తే అరుగుతుందా? అరుగుతుంది. పసరు కార్జం నుంచి ఎప్పటిలాగే వస్తుంది, మధ్యలో దాచిపెట్టే గది లేదు కాబట్టి కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకి పడుతుంటుంది. కొందరికి కొన్ని వారాలు విరేచనం పలచగా అవుతుంది, నూనె ఎక్కువైతే కడుపు ఉబ్బరిస్తుంది. తర్వాత చాలామంది అన్నీ తింటారు. మొదటి నెల వేపుళ్లు, మటన్ తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు తినమనండి. పప్పు మానేయాలి, వంకాయ ముట్టొద్దు, చల్లవి తాగొద్దు అని చుట్టాలు పట్టీ ఇస్తారు, వాటికి ఆధారం లేదు. మూడు నెలలు గంజి మీదే ఉంచి మనిషిని సగం చేసిన ఇళ్లున్నాయి.

ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపిస్తారు. మీకు భయమేసినా ఆపకండి. కుడి భుజంలో ఒకటి రెండు రోజులు గుంజినట్టు నొప్పి ఉంటుంది, పొట్టలో నింపిన గ్యాస్ వల్ల, గుండెనొప్పి అని కంగారు పడొద్దు. చిక్కులేమీ లేకపోతే వాచిన తిత్తికి రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఇంటికి వచ్చాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గింది మళ్లీ పెరిగినా, జ్వరం, చలి వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బి వాంతులైనా ఆ రాత్రికి ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే తీసుకుపోండి, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించి చూద్దామనుకోవద్దు. తీసిన తిత్తిని బయాప్సీకి పంపుతారు. రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది, కుట్లు విప్పించుకొని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. వందల్లో ఒకరికి అందులో అనుకోని క్యాన్సర్ బయటపడుతుంది, తొందరగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉంటుంది. కాగితం చేతికి తీసుకొని సర్జన్‌కు చూపించండి.

పత్తి సంగతి మీ మేనమామకు ఇలా చెప్పండి. రేపు కెమెరాతో సాఫీగా అయిపోతే మూడు నాలుగు వారాలకు అమ్మగారు చేనుకు పోవచ్చు, రెండో ఏరుడుకు ఆమె చేతులు దొరుకుతాయి. పొట్ట తెరవాల్సి వస్తే రెండు నెలలు అనుకోండి. ఏదైనా సరే, పత్తి బోరాలు మాత్రం ఈ ఏడు ఆమెతో ఎత్తించకండి.